పేద పిల్లల చదువు హక్కు కోసం లా ప్రొఫెసర్ ఏం చేయగలరు? పిల్ కంటే ముందు చేయాల్సిన పని చాలా ఉంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. లా కాలేజీలో కొత్తగా లెక్చరర్‌గా చేరారు, బడికి దూరమైన పిల్లల కోసం చట్టపరంగా ఏదైనా చేయాలని ఉంది. స్నేహితులు కొందరు "హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వెయ్యి, పేపర్లో వస్తుంది, అప్పుడే కదలిక వస్తుంది" అంటున్నారు, ఇంకొందరు "పాఠాలు చెప్పుకునేవాళ్ళకి ఇవన్నీ ఎందుకు, అది లాయర్లు, ఎన్జీఓలు చూసుకునే పని" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, అసలు మన వల్ల అవుతుందా అని అడిగారు.

నేను చాలా ఏళ్ళు రాజ్యాంగం పాఠాలు చెప్పాను, దాంతోపాటే విద్యార్థులతో లీగల్ ఎయిడ్ క్లినిక్ నడిపాను, అందులో ఎక్కువ భాగం బడి పిల్లల కేసులే. కాబట్టి సూటిగా చెప్తాను. పిల్‌తో మొదలుపెట్టకండి. ఒక్క బిడ్డ పేరు మీద, ఒక్క అధికారికి, తేదీ వేసి, రసీదు తీసుకుని ఇచ్చిన ఫిర్యాదుతో మొదలుపెట్టండి. చదువు హక్కు మన దేశంలో చట్టంగా ఎప్పుడో వచ్చేసింది. ఆ హక్కు దెబ్బతిన్నదని చెప్పే కాగితం మాత్రం ఎక్కడా ఉండదు. ఆ కాగితం పుట్టించడం, అది తేలేదాకా వెంటపడటం, అదే లా ప్రొఫెసర్ చేయగలిగిన, ఇంకెవరూ ఓపికగా చేయని పని.

ముందు చట్టం ఎంత దూరం వచ్చిందో ఒకసారి చూడండి. రాజ్యాంగం రాసినప్పుడు 45వ అధికరణంలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని రాశారు, అంటే 1960 నాటికి. కానీ అది ఆదేశిక సూత్రం, కోర్టుకెళ్ళి అడిగే వీల్లేదు. 1992లో మోహినీ జైన్ కేసులో సుప్రీంకోర్టు మొదటిసారి చదువు జీవించే హక్కులో భాగమే అంది. మరుసటి ఏడాది, 1993లో, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ హక్కును పద్నాలుగేళ్ళ వరకూ ఖాయం చేసింది. ఆ కేసులు నిజానికి ప్రైవేటు మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల క్యాపిటేషన్ ఫీజు (సీటు కోసం మామూలు ఫీజుకు మించి గుంజే డబ్బు) మీద వచ్చినవి, ఒకటో తరగతి పిల్లల గురించి కాదు. డబ్బున్న కాలేజీల గొడవలోంచి పేద పిల్లల హక్కు బయటికొచ్చింది, ఈ సంగతి మీ విద్యార్థులకు తప్పకుండా చెప్పండి, చట్టం ఏ దారిలో నడుస్తుందో వాళ్ళకు అర్థమవుతుంది. ఆ తర్వాత 2002లో 86వ రాజ్యాంగ సవరణతో ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేస్తూ 21ఎ అధికరణం వచ్చింది, 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. అంటే 1960 నాటికి అందాల్సింది 2010కి చట్టం రూపంలో చేతికొచ్చింది. ఇప్పుడు మన ముందున్నది కొత్త హక్కు సాధించే పని కాదు, ఉన్నదాన్ని కర్నూలు జిల్లా కోసిగి మండలంలో బడి మానేసిన పిల్ల దగ్గరికి చేర్చడం.

"అది లాయర్ల పని" అన్నవాళ్ళ మాటలో సగమే నిజం. లాయరుకు క్లయింట్ కావాలి, వకాలత్ కావాలి, కేసు అయిపోగానే ఫైలు మూతపడుతుంది, అది ఆయన తప్పు కాదు, వృత్తి అలా ఉంటుంది. ఎన్జీఓకు ఊళ్ళో మనుషులుంటారు, పిల్లలు తెలుసు, కానీ ఏ సెక్షన్ కింద ఎవరికి రాయాలో చాలాసార్లు తెలియదు, పైగా ప్రాజెక్టు డబ్బులు అయిపోతే పని ఆగుతుంది. మీకు ఏటా కొత్త బ్యాచ్ విద్యార్థులొస్తారు, లైబ్రరీ ఉంది, జీతం నెలనెలా వస్తుంది, అదే ఊళ్ళో ఇరవై ముప్ఫై ఏళ్ళు ఉంటారు. ఒక విషయాన్ని పదేళ్ళపాటు వదలకుండా పట్టుకునే వెసులుబాటు ఇంకెవరికీ లేదు. దీనికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. 1981లో ఢిల్లీలో లా ప్రొఫెసర్లుగా ఉన్న ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్ ఇద్దరూ ఆగ్రా ప్రొటెక్టివ్ హోమ్‌లో (ప్రభుత్వ సంరక్షణ గృహంలో) ఆడపిల్లలు, మహిళలు ఎంత దారుణంగా బతుకుతున్నారో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. అందరికీ ఆ ఉత్తరమే గుర్తుంటుంది. కానీ ఆ కేసు ఏళ్ళ తరబడి నడిచింది, నివేదికలు తెప్పించడం, వాటిని చదవడం, మళ్ళీ కోర్టుకు చెప్పడం, అసలు పనంతా అక్కడే జరిగింది.

ఇంకో మనిషి గురించి కూడా చదవండి, చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్. అమెరికాలో నల్లజాతి పిల్లలకు వేరే బడులు నడుస్తున్న రోజుల్లో హోవర్డ్ యూనివర్సిటీ లా స్కూల్ బాధ్యత చూసిన ప్రొఫెసర్. రాత్రిపూట నడిచే ఆ కాలేజీని పూర్తిస్థాయి లా స్కూల్‌గా మార్చి, వివక్ష కేసులు వాదించగల లాయర్లను తయారుచేశాడు. తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన థుర్‌గుడ్ మార్షల్ ఆయన శిష్యుడే. హ్యూస్టన్ దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగి తెల్ల పిల్లల బడి ఎలా ఉంది, నల్ల పిల్లల బడి ఎలా ఉంది అని కెమెరాతో సినిమా తీసుకుని మరీ వచ్చాడు. కేసులు కూడా నేరుగా చిన్నపిల్లల బడులతో మొదలుపెట్టలేదు. ముందు లా కాలేజీ సీట్ల మీద వేశాడు, ఎందుకంటే ఆ రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు వేరే లా కాలేజీ అసలు లేనేలేదు, "వేరైనా సమానమే" అని ప్రభుత్వం బుకాయించడానికి వీల్లేదు, పైగా లా కాలేజీ అంటే ఏంటో ప్రతి జడ్జికీ తెలుసు. మేరీల్యాండ్‌లో, ఆ తర్వాత 1938లో మిస్సోరీ కేసులో గెలిచి మెట్టు మెట్టుగా పునాది వేశాడు. 1950లో చనిపోయాడు, బడుల్లో వివక్ష చెల్లదన్న బ్రౌన్ తీర్పు 1954లో వచ్చింది, ఆయన చూడలేదు. ఆ తీర్పు వచ్చాక కూడా దక్షిణాదిలో చాలా ఏళ్ళు పెద్దగా ఏమీ మారలేదు, 1964 పౌరహక్కుల చట్టం వచ్చాకే అమలు ఊపందుకుంది. నేను ప్రతి బ్యాచ్‌కీ ఆయన గురించి చెప్పేదాన్ని, ఎందుకంటే ఆధారం ముందు, కేసు తర్వాత అనే క్రమాన్ని ఆయనంత స్పష్టంగా చూపినవాళ్ళు తక్కువ.

ఇక మన పనిలోకి వస్తే, పిల్ ముందు వద్దని ఎందుకన్నానో చట్టపరమైన కారణం చెప్తాను. మాండమస్ (అధికారి తన విధి చేయాలని కోర్టు ఇచ్చే ఆదేశం) అడిగేవాళ్ళు ముందు ఆ అధికారిని అడిగి ఉండాలి, ఆయన కాదని ఉండాలి లేదా పట్టించుకోకుండా ఉండాలి. ఇది మీరే క్లాసులో చెప్పే పాఠం. కానీ బడుల మీద పడే పిటిషన్లలో ఎక్కువ భాగం పేపర్ కటింగులతో వస్తాయి. ప్రభుత్వ ప్లీడరు లేచి "మా దృష్టికి ఎవరూ తేలేదు, విచారించి చర్యలు తీసుకుంటాం" అంటారు, కోర్టు "వినతిపత్రం ఇవ్వండి, వాళ్ళు పరిశీలిస్తారు" అని ముగిస్తుంది. ఏడాది పోయి మళ్ళీ మొదటికే వస్తాం.

అందుకే సెక్షన్ 32 చదవండి. విద్యాహక్కు చట్టంలో దాన్ని వాడినవాళ్ళు చాలా తక్కువ. బిడ్డ హక్కుకు సంబంధించి ఎవరైనా సరే, తల్లిదండ్రులే అక్కర్లేదు, స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. మూడు నెలల్లో రెండు పక్షాలనూ విని తేల్చాలి. నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు. ఆ ఫిర్యాదు తీసుకునేది ఎవరో మీ రాష్ట్ర నిబంధనల్లో చూసుకోండి, ఒక కాపీ ఎంఈఓకి (మండల విద్యాధికారికి), ఒకటి డీఈఓకి (జిల్లా విద్యాధికారికి) పంపండి. ఇన్‌వర్డ్ నంబర్ (ఉత్తరం అందినట్టు ఆఫీసు వేసే నంబర్) వేయించుకోండి, వేయనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మూడు నెలల గడువు అయ్యేలోపు గుర్తుచేస్తూ ఇంకో ఉత్తరం. ఇలా ఒక బిడ్డ ఫైలు తయారవుతుంది. ఇలాంటివి ఒకే రకం నలభై యాభై పోగయ్యాక హైకోర్టుకు వెళ్తే ప్రభుత్వం "మా దృష్టికి రాలేదు" అనలేదు.

ఉదాహరణకు మా క్లినిక్‌కు తరచూ వచ్చిన ఒక రకం కేసు చెప్తాను. ఒక కుటుంబం పని వెతుక్కుంటూ ఊరు మారుతుంది, కొత్త ఊళ్ళో బడికెళ్తే "టీసీ తెండి" అంటారు, పాత బడిలో "పాత ఫీజు బాకీ కట్టి తీసుకెళ్ళండి" అంటారు, బిడ్డ మధ్యలో ఇంట్లో ఉండిపోతుంది. సెక్షన్ 5 ప్రకారం టీసీ రావడం ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు, టీసీ ఇవ్వడానికి ఆలస్యం చేసిన హెడ్మాస్టర్ మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. సెక్షన్ 14 ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని కాదనకూడదు. ఆధార్ గురించి 2018 తీర్పులోనే సుప్రీంకోర్టు ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల అడ్మిషన్‌కు అది తప్పనిసరి కాదని తేల్చింది. ఇవన్నీ కలిపి ఒకటిన్నర పేజీ ఉత్తరం, తెలుగులో, మర్యాదగా, సెక్షన్ నంబర్లతో రాసి మా స్టూడెంట్ ఒకరు తల్లితో పాటు వెళ్ళి చేతికిస్తే, చాలాసార్లు అదే రోజు పేరు రిజిస్టర్‌లోకి ఎక్కేది. చాలామంది హెడ్మాస్టర్లకు చెడ్డ ఉద్దేశం ఉండదు, పైనుంచి ఎవరైనా అడిగితే తనకు ఇబ్బంది అని టెన్షన్, ఆ ఉత్తరం వాళ్ళకు కూడా రక్షణే. ఆ తల్లికి "మీరు బతిమాలుకోవక్కర్లేదమ్మా, ఇది మీ బిడ్డది" అని చెప్పగలగడం కోసం ఎంత చాకిరీ చేసినా తక్కువే అనిపించేది.

బిడ్డల దగ్గరికి ఎలా చేరాలి అంటే, విద్యార్థులను ఊళ్ళకు పంపే ముందు కాగితాలు చదివించండి. ప్రతి బడికీ ప్రభుత్వ బడి లెక్కల వ్యవస్థ అయిన యూడైస్‌లో 11 అంకెల కోడ్ ఉంటుంది, దాని కింద ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, మరుగుదొడ్లు, తాగునీరు, అన్నీ బడి స్వయంగా ఇచ్చిన లెక్కలుంటాయి. అవి పట్టుకుని ఆ బడికే వెళ్తే కాగితానికీ కళ్ళకూ మధ్య తేడా కనిపిస్తుంది, ఆ తేడానే మీ ఆధారం. మిగిలినది సమాచార హక్కు దరఖాస్తుతో తెప్పించుకోవచ్చు, ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి. మండలంలో మంజూరైన టీచర్ పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. సెక్షన్ 26 ప్రకారం ఖాళీలు పది శాతం దాటకూడదు. చట్టంలో ఇంత కచ్చితమైన అంకె ఉన్న వాగ్దానాలు అరుదు, అంకె ఉన్నచోట వాదించడం సులువు.

ఇప్పుడు అందరూ మాట్లాడే 25 శాతం సీట్ల సంగతి. సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో, అంతకంటే కింద ప్రీస్కూల్ ఉంటే అక్కడినుంచే, కనీసం నాలుగో వంతు సీట్లు చుట్టుపక్కల బలహీన వర్గాల, అణగారిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి, ప్రభుత్వం తాను ఒక బిడ్డ మీద పెట్టే ఖర్చు, లేదా బడి నిజంగా తీసుకునే ఫీజు, ఏది తక్కువైతే అది బడికి చెల్లించాలి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు ఔను, ఒకరు కాదు అంటూ దీన్ని నిలబెట్టింది. 2014లో ప్రమతి కేసులో మైనారిటీ బడులకు చట్టమే వర్తించదంది. ఇంత జరిగినా ఉమ్మడి రాష్ట్రంలోనూ, విడిపోయాక రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ళ తరబడి ఈ సీట్లు కాగితం దాటలేదు. ఆంధ్రప్రదేశ్‌లో హైకోర్టులో పిల్ నడిచాకే 2022-23లో అడ్మిషన్లు మొదలయ్యాయి, అప్పుడు కూడా ఫీజును అమ్మ ఒడి డబ్బులోంచి తల్లిదండ్రులే కట్టాలని మెలిక పెట్టారు. ఉచితం అని చట్టం చెప్పినదాన్ని ఇంకో పథకం డబ్బుతో కొనుక్కోమనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కర్ణాటక 2018-19లో, దగ్గర్లో ప్రభుత్వ బడి ఉంటే ప్రైవేటు బడి సీట్లివ్వక్కర్లేదని నిబంధన మార్చింది, మహారాష్ట్ర 2024లో అదే చేయబోతే బాంబే హైకోర్టు కొట్టేసింది. మీరు వాదించాల్సి వస్తే ఆ తీర్పు తప్పక చదవండి.

ఈ సెక్షన్‌లో ఒక పెద్ద బలహీనత ఉంది. క్యాపిటేషన్ ఫీజు తీసుకుంటే పదింతల వరకూ జరిమానా, పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెడితే మొదటిసారి 25,000 రూపాయల వరకూ, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకూ జరిమానా అని సెక్షన్ 13లో ఉంది. కానీ 25 శాతం సీట్లు ఇవ్వకపోతే ఫలానా జరిమానా అని ఎక్కడా లేదు, గుర్తింపు షరతులు ఉల్లంఘించారని గుర్తింపు రద్దు చేయడం ఒక్కటే దారి. వందల మంది పిల్లలున్న బడి గుర్తింపు ఏ అధికారి రద్దు చేస్తారు? చేయరు, ఆ సంగతి యాజమాన్యాలకు బాగా తెలుసు. పైగా సెక్షన్ 36 ప్రకారం జరిమానా కేసులకు కూడా ముందు అధికారి అనుమతి కావాలి. కాబట్టి ఇక్కడ శిక్ష గురించి కాకుండా సీటు గురించి పోరాడండి, బిడ్డ లోపలికెళ్ళాక వేరే సెక్షన్‌లో కూర్చోబెట్టడం, వేరే టైంలో క్లాసు పెట్టడం జరగకుండా చూడండి, కేంద్ర నిబంధనల్లో అది స్పష్టంగా నిషేధం. యూనిఫాం, పుస్తకాలు కూడా ఉచితమే అని అదే నిబంధనల్లో ఉంది, దీని మీద ఎన్ని ఫిర్యాదులొస్తాయో మీరే చూస్తారు.

అయితే నా అభిప్రాయం ఒకటి చెప్తాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. పట్టణాల్లో ఉండే లా కాలేజీలు ఈ 25 శాతం చుట్టూనే తిరుగుతాయి, ఎందుకంటే కంటికి కనిపించే అన్యాయం అది. కానీ నిరుపేద పిల్లలు ఎక్కువగా ఉండేది ప్రభుత్వ బడుల్లో. ఐదు తరగతులకు ఒకే టీచర్, ఆయన సెలవు పెడితే బడికి తాళం. చట్టం షెడ్యూల్ ప్రకారం ప్రైమరీ స్కూల్లో అరవై మంది పిల్లల వరకూ ఇద్దరు టీచర్లుండాలి, అంటే పది మంది ఉన్నా ఇద్దరే. ఏకోపాధ్యాయ బడి అన్నదే చట్టానికి విరుద్ధం, అయినా అది మామూలు సంగతైపోయింది. బడుల విలీనం పేరుతో చిన్న తరగతులను దూరంగా ఉన్న హైస్కూల్‌కు కలిపినప్పుడు ఒక్క కిలోమీటరు పెరిగినా ఎవరు ముందు మానేస్తారో చూడండి, ఆడపిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు, హైవే దాటాల్సిన పిల్లలు. కేంద్ర నిబంధనల ప్రకారం ఐదో తరగతి వరకూ కిలోమీటరు లోపు, ఎనిమిది వరకూ మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. మీ రాష్ట్ర నిబంధన పక్కన పెట్టుకుని, బిడ్డ ఇంటి గుమ్మం నుంచి బడి గేటు దాకా నడిచే దారిలో కొలవండి, మ్యాప్ మీద గీత గీసి కాదు. మీ విద్యార్థులు బిడ్డతో కలిసి నడవాలి. అఫిడవిట్‌లో ఆ నడక గురించి రాసిన నాలుగు వాక్యాలు ఏ గణాంకం కన్నా గట్టిగా పనిచేస్తాయి.

వలస విషయం వేరే చెప్పాలి, ఇక్కడ చట్టం ఉన్నా యంత్రాంగం చేతులెత్తేస్తుంది. కర్నూలు పడమటి మండలాల నుంచి ఏటా కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్తాయి, పిల్లలు వాళ్ళతోనే. తిరిగొచ్చేసరికి పరీక్షలు దగ్గరపడతాయి. హాజరు పట్టీలో పేరు ఉంటుంది, కాబట్టి లెక్కల్లో ఆ పిల్లలు డ్రాపౌట్లు కారు. ఒడిశా నుంచి హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు వచ్చే పిల్లలది ఇంకా కష్టం, తెలుగు రాదు, ఇక్కడి జాబితాలో లేరు, అక్కడి జాబితా నుంచి మాయమయ్యారు. సెక్షన్ 9 స్థానిక అధికార సంస్థ మీద స్పష్టంగా ఒక బాధ్యత పెట్టింది, వలస కుటుంబాల పిల్లలకు అడ్మిషన్ దొరికేలా చూడాలి, తన పరిధిలో ఉండే పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరి రికార్డు ఉంచాలి. ఆ రికార్డు కాపీ అడగండి. ఉంటే చదవండి, లేకపోతే లేదనే జవాబు రాతలో తీసుకోండి. వలస వెళ్ళే ఊళ్ళలో సీజనల్ హాస్టల్ తెరవమని పంటకోతలకు ముందే, అంటే కుటుంబాలు మూటాముల్లె సర్దుకోకముందే, కలెక్టర్‌కు రాయాలి. సంక్రాంతి దాటాక రాస్తే ఆ ఏడాదికి లాభం లేదు.

ఈ పిల్లల గురించి ఎలా ఆలోచించాలో నాకు నేర్పింది లా పుస్తకాలు కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పిన శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ ద్వారా రంగారెడ్డి జిల్లాలో చేసిన పని. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే అన్నది వాళ్ళ సూత్రం. పేదరికం వల్ల తల్లిదండ్రులు పంపరు అన్న వాదనను వాళ్ళు ఒప్పుకోలేదు, బ్రిడ్జి కోర్సులు (బడి మానేసినవాళ్ళు పాఠాలు అందుకోవడానికి ఇచ్చే శిక్షణ) పెట్టి పనిలో ఉన్న పిల్లలను వయసుకు తగిన తరగతిలోకి తెచ్చి చూపించారు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 4లో వయసుకు తగ్గ తరగతి, ప్రత్యేక శిక్షణ అని ఉన్నది ఇలాంటి పనే. పన్నెండేళ్ళ బిడ్డను ఒకటో తరగతిలో కూర్చోబెడితే వారంలో పారిపోతుంది. మీ ఫిర్యాదులో ఊరికే "అడ్మిషన్ ఇవ్వండి" అని రాయకుండా "సెక్షన్ 4 కింద ప్రత్యేక శిక్షణతో ఆరో తరగతిలో" అని రాయండి.

పద్నాలుగు దాటిన వాళ్ళ విషయంలో మన చట్టం చేతులు చిన్నవి. ఎనిమిదో తరగతి అయ్యాక హక్కు ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ఆడపిల్లలకు పెళ్ళి మాటలు మొదలవుతాయి, మగపిల్లలు మెకానిక్ షెడ్డుకో, మేస్త్రీ వెంటో వెళ్తారు. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు మాత్రం 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పద్దెనిమిదేళ్ళ వరకూ ఉచిత విద్య ఇచ్చింది. మిగతావాళ్ళకు బాల్యవివాహ నిరోధక చట్టం, కేజీబీవీలు (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు), గురుకులాల అడ్మిషన్లు, ఇలా ఉన్నవాటితో నెట్టుకురావాలి. పరిశోధన చేయాలని మీకుంటే ఇది మంచి విషయం, 21ఎ అధికరణాన్ని పద్దెనిమిదేళ్ళ దాకా పెంచడం మీద తెలుగులో గట్టి వ్యాసం రావాల్సి ఉంది.

మరి పిల్ ఎప్పుడు? ఒకే రకం ఫిర్యాదులు పోగై, కింది అధికారి చేతిలో లేని కారణం తేలినప్పుడు. టీచర్ పోస్టులు భర్తీ చేయడం ఎంఈఓ చేతిలో లేదు, నిబంధన మార్చడం డీఈఓ చేతిలో లేదు, అలాంటివి హైకోర్టుకు తీసుకెళ్ళాలి. ఏం కావాలో నిర్దిష్టంగా అడగండి, ఎవరు, ఎప్పటిలోగా, ఎవరికి నివేదించాలి అని. 2012లో సుప్రీంకోర్టు దేశంలోని బడులన్నిటికీ ఆరు నెలల్లో మరుగుదొడ్లు, తాగునీరు ఏర్పాటు చేయాలని ఆదేశించింది, మంచి తీర్పు, కానీ ఆరు నెలల తర్వాత మీ మండలంలో ఎవరైనా వెళ్ళి తలుపు తీసి చూశారా? నీళ్ళు రాని మరుగుదొడ్డి లెక్కల్లో ఉన్నట్టే ఉంటుంది, పిల్లలు మాత్రం వాడలేరు. తీర్పు వచ్చిన రోజే మీ క్లినిక్‌లో దాని పేరుతో కొత్త ఫైలు తెరవండి, తర్వాతి మూడు బ్యాచ్‌ల విద్యార్థులు దాన్ని నడుపుతారు. కాలేజీగా మీకున్న అసలు బలం ఇదే.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. పిల్లల ఫొటోలు, పేర్లు ఎక్కడా పెట్టకండి, విద్యార్థుల వాట్సాప్ స్టేటస్‌లో కూడా వద్దు. పిటిషన్‌లో పేరు బదులు మొదటి అక్షరం వాడండి. ఫిర్యాదు ఇచ్చాక ఆ బిడ్డ అదే బడిలో రోజంతా కూర్చోవాలన్నది మర్చిపోవద్దు, తల్లిదండ్రులు భయపడితే కాలేజీ క్లినిక్ పేరు మీద ఇవ్వండి, ఎవరైనా ఇవ్వొచ్చని సెక్షనే చెప్తోంది కదా. "మీ బాబుకు సీటు ఇప్పిస్తాం" అని విద్యార్థులు మాటివ్వకుండా చూడండి. కాగితం రాస్తాం, వెంట వస్తాం, గడువు గుర్తుపెట్టుకుంటాం, అంతవరకే చెప్పాలి. టీచర్లను శత్రువుల్లా చూడొద్దు, సర్వేలు, యాప్‌లలో ఫొటోల అప్‌లోడ్లతో వాళ్ళూ నలిగిపోతున్నారు. జనగణన, ఎన్నికలు, విపత్తులు తప్ప వేరే పనులకు టీచర్లను వాడొద్దని సెక్షన్ 27 చెప్తోంది. ఆ సెక్షన్ పట్టుకుని వాళ్ళ తరఫున కూడా ఒక ఉత్తరం రాయండి, ఊళ్ళో మీకు దొరికే సహకారమే మారిపోతుంది.

చివరిగా, కాలేజీ యాజమాన్యం ఒప్పుకోదేమో అన్నారు. దీన్ని సేవ అని అడగకండి, సిలబస్ అని అడగండి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం క్లినికల్ పేపర్లు తప్పనిసరి, లా కాలేజీల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌ల మాట న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శిని కలిసి క్లినిక్‌ను వాళ్ళతో అనుసంధానం చేయించుకోండి, ఆ చట్టం సెక్షన్ 12 ప్రకారం పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది కాబట్టి కోర్టు దాకా వెళ్తే ప్యానెల్ లాయరు దొరుకుతారు. మొదటి ఏడాది ఒక్క మండలం చాలు. జూన్‌లో బడులు తెరిచే వారానికి తెలుగు ఫిర్యాదు నమూనాలు మూడు సిద్ధంగా ఉంచండి, టీసీకి ఒకటి, వయసుకు తగ్గ అడ్మిషన్‌కు ఒకటి, 25 శాతం సీటుకు ఒకటి. ఆ నమూనాలు రాశాక ఇక్కడ పెట్టండి, బిడ్డ వివరాలు లేకుండా. నేను చదివి, సెక్షన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్తాను.